చావింట్లో కూసింది కుక్కర్ కాదు

వరుస తప్పితే ఏమనుకోకండి. ఏది ముందో ఏది వెనకో ఈ మధ్య నాకు కలిసిపోతోంది. కానీ జరిగింది మాత్రం జరిగింది! పోయిన మంగళవారం మా ఆడబిడ్డ లచ్చవ్వ చావుకు పోయి, ఏడవాల్సిన చోట ఈల వేసి వచ్చాను. ఒకసారి కాదు, మూడు సార్లు. అది చాలదన్నట్టు ఆ నేరాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టాను.

నా చెవుల సంగతి ముందు చెప్పాలి. రెండూ బాగా పోయాయి. ఆరు నెలల కింద నా కొడుకు శ్రీను నిజామాబాద్ తీసుకుపోయి మిషన్ పెట్టించాడు. బస్సు దిగి బాన్సువాడలో కాలు పెట్టానో లేదో, అబ్బబ్బ! ఆటోలు, హారన్లు, చెరుకు ట్రాక్టర్లు, అన్నీ ఒక్కసారి తలలో దూరాయి. ఇంట్లో గరిటె గిన్నెకు తగిలితే ఉరిమినట్టే. అంత దూరం పొలంలో వరికోత మిషన్ వినబడుతుంది, పక్కన కూర్చున్న కోడలు లత మాట వినబడదు. రాదని కాదు. వస్తుంది, నానిన అటుకుల్లా ముద్దయి వస్తుంది. ఏ పలుకు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలియదు.

మిషన్ పెట్టిన అమ్మాయి ఆ రోజే చెప్పింది. నా ఎదురుగా కూర్చుని, పెదవులు నిదానంగా కదిలిస్తూ చెప్పింది కాబట్టి నాకు అర్థమైంది. "అమ్మా, ఇంతగా పోయిన చెవికి మిషన్ చప్పుడు పెంచుతది, మాటను విడదీసి ఇయ్యలేదు. మీవాళ్లు ముందరికొచ్చి, మొహం చూపించి మాట్లాడాలె." శ్రీను అప్పుడు ఫోన్ చూసుకుంటున్నాడు. చెవులు బాగున్నవాడికే వినబడలేదు!

మిషన్ లేనప్పుడు ఇంట్లో వాళ్లు నా భుజం తట్టి, ఎదురుగా నిలబడి చెప్పేవాళ్లు. పెదవులు చూసి సగం, అలవాటు మీద సగం లాక్కొచ్చేదాన్ని. ఇప్పుడెందుకు వస్తారు? మిషన్ ఉంది కదా! వంటింట్లోంచి చెబుతారు. బట్టలు ఆరేస్తూ వెనక్కు తిరిగి చెబుతారు. ఏదో చప్పుడైంది, ఎవరో ఏదో అన్నారని నాకు తెలుస్తుంది. ఎన్నిసార్లని "ఏందీ, ఏందీ" అంటాను? "ఆ" అంటాను. తల ఊపుతాను. సాయంత్రానికి పంచాయితీ.

"అవ్వా, పాలాయనకు రేపు వద్దని చెప్పుమంటిని గదా?"

"నాకు చెప్పలేదురా."

"చెప్పిన! నువ్వు ఆ అన్నవు!"

అప్పుడు కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ చూపు మాత్రం ఏ మిషన్ లేకుండానే వినబడుతుంది. నిజామాబాద్‌కు చెవిటిదాన్నై పోయాను, మతిమరుపుదాన్నై తిరిగొచ్చాను.

అబద్ధమెందుకు, నాకూ భయమే. బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టానో ఒక్కోరోజు తెలియదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తాను. అయితే చెప్పలేదా, వినలేదా, మరిచానా? విననిది యాదికి ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మూడింట్లో ఏదో నాకే తేలనప్పుడు ఇంకొకరితో ఏం కొట్లాడతాను! శ్రీను అయితే తేల్చేశాడు. మతిమరుపు డాక్టర్‌కు చూపిద్దామన్నాడు. బడి మొహం చూడకుండా, పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్న తల ఇది. దాని మీద పడిందా చెయ్యి అని నాకు మంట.

ఇంతలో లచ్చవ్వ పోయిందని కబురు. వాళ్లది రుద్రూర్ దగ్గర ఒక ఊరు. సరే, నా మతి ఎంత గట్టిదో అక్కడే చూపించాలనుకున్నాను. చావుకు పోయినప్పుడు మా దిక్కు ఆడవాళ్లు ఊరికే ఏడవరు. మెడలు పట్టుకుని, పోయినవాళ్ల కథంతా చెప్పుకుంటూ శోకం తీస్తారు. శ్రీను, లతలతో ఆటోలో కూర్చుని లచ్చవ్వ పెళ్లి, కాన్పులు, నాటు కూలీలకు ఆమె వండిన వంటలు, అన్నీ వరుసగా పేర్చుకున్నాను. ఒక్క పేరు తప్పకూడదు!

పోయేసరికి శవం ఇంకా వాకిట్లోనే ఉంది. నన్ను లోపల వంటింటి తలుపు పక్కన చాప మీద కూర్చోబెట్టారు. లచ్చవ్వ కూతురు సావిత్రి వచ్చి నా మెడ మీద పడింది. నేను శోకం అందుకున్నాను. "ఓ వదినా, నాటేస్తె నలుగురి పని ఒక్కదానివే చేస్తివి గదనే..." బాగా వస్తోంది! వరుస తప్పలేదు. అంతలో సావిత్రి తల ఎత్తి వంటింటి వైపు చూసింది. చుట్టూ ఉన్నవాళ్లు ఏడుపు ఆపారు. నా శోకానికి అందరూ కరిగిపోయారనుకుని గొంతు ఇంకాస్త పెంచాను. తర్వాత పక్కింటి ముసలమ్మ వచ్చి మెడ పట్టుకుంది. మళ్లీ అందరూ వంటింటి వైపే చూశారు.

జరిగింది ఏమిటంటే, చెవికి చెంప అడ్డం పడగానే మిషన్ సన్నగా, పొడుగ్గా కూస్తుంది. అంత సన్న చప్పుడు నా చెవికి ఎక్కదు. నా చెవిలో మోగే ఈల నాకు తప్ప ఊరందరికీ వినబడుతుంది!

శవం లేచేదాకా చావింట్లో పొయ్యి ముట్టించరు. అట్లాంటి ఇంట్లో, వంటింటి తలుపు దగ్గర కూత! ఇక్కడి నుంచి ఎవరెవరు ఏమన్నారో నాకు అప్పుడు తెలియదు. లత తర్వాత కాగితం మీద రాసి చూపించింది.

సావిత్రి లేచి లచ్చవ్వ కోడలు కళ మీదకు పోయింది. "మా అవ్వ వాకిట్ల పండుకొని ఉండంగనే కుక్కర్ పెట్టినవా? గంత ఆకలైతుందా నీకు?"

"నేను పొయ్యి దిక్కే పోలే వదినా, ఒట్టు!"

"మరి కూసిందేంది, మా అవ్వనా?"

ఒకాయన పోయి పొయ్యి చూసి వచ్చాడు. చల్లగా ఉందన్నాడు. "ఆర్పి దాచిపెట్టింది" అంది సావిత్రి. లచ్చవ్వ మరిది ఎల్లన్న ఇంటికి పెద్ద. ఆయన నా ముందుకొచ్చి వంగాడు. మీసాల కింద పెదవి కనబడితే ఒట్టు! "చెల్లె, నువ్వు తలుపు కాడనే ఉన్నవు. కళ పొయ్యి ముట్టిచ్చుడు చూసినవా?"

చావింట్లో మగవాళ్లు అడిగేది ఒకటే అనుకున్నాను, ఆఖరి చూపు చూశావా అని. తల ఊపాను. "ఆ, ఆ. కడుపునిండ చూసిన" అన్నాను. కళ్లు కూడా తుడుచుకున్నాను!

"చూసినోళ్లే చెప్పవట్టిరి!" అని సావిత్రి గుండెలు బాదుకుంది. కళ మొహం తెల్లబోయింది. మూడేళ్లు మంచంలో ఉన్న లచ్చవ్వకు తినిపించి, కడిగి, తల దువ్వింది కళే. శవం లేవకముందే పొయ్యి వెలిగించిందన్న మాట పడితే, అదంతా గంగలో కలిసినట్టే. ఆ ఊళ్లో ఆమె బతికినన్నాళ్లూ ఆ మాట చెప్పుకుంటారు.

కళ ఉరికొచ్చి నా మెడ మీద పడింది. "అత్తమ్మా, నిజం చెప్పు అత్తమ్మా!"

మళ్లీ కూత! ఈసారి కళ రెండు చేతులూ నా మెడ చుట్టూనే ఉన్నాయి. పొయ్యి దగ్గర పిట్ట కూడా లేదు. లత ఎగిరొచ్చి నా చెవిలోంచి మిషన్ లాగి చేత్తో మూసింది. అది ఆమె పిడికిట్లో ఇంకా కూస్తోందట! ఎవరో కిసుక్కున నవ్వారు. చావింట్లో!

ఎల్లన్నకు మాత్రం నవ్వు రాలేదు. "మరి చూసిన అన్నదేంది?" లత నా ఎదురుగా వచ్చి ఒక్కో మాటే పలికి అడిగింది. అప్పుడు తెలిసింది నేను దేనికి తల ఊపానో.

"నాకు వినవడలే అన్నా. మిషన్ చప్పుడు తెస్తది గని మాట తేదు" అన్నాను.

"గంత గట్టిగ కూసే మిషన్ చెవిల వెట్టుకొని వినవడలేదంటే ఎట్ల నమ్మాలె?"

ఎల్లన్న అన్న ఈ మాట కూడా లతే నాకు పలికి చూపింది. సావిత్రి ఇంకా కళ వైపు అనుమానంగానే చూస్తోంది. శ్రీను తల దించుకుని ముందుకొచ్చాడు. నాకు కనబడేట్టే అన్నాడు. "మామా, అవ్వకు మతిమరుపు. ఏమంటదో ఆమెకే తెల్వది."

నా ఒళ్లు మండిపోయింది. లచ్చవ్వ పెళ్లిలో వడ్డించిన కూరలు చెప్పనా అని నోటిదాకా వచ్చింది. కళ నన్నే చూస్తోంది. నేను వినలేదంటే ఎవరూ నమ్మరు, ఆమె మీద అనుమానం పోదు. నాకు మతి లేదంటే ఆ క్షణమే ఆమె మీది మాట చెల్లదు.

తల ఊపాను. "అవునన్నా. నాకు యాదికుండదు." ఆరు నెలల్లో తెలిసి ఊపిన తల అదొక్కటే.

ఎల్లన్న "పాపం" అన్నాడు. అది అర్థం కావడానికి పెదవులు చూడక్కర్లేదు. తిరుగు దారిలో శ్రీను డాక్టర్ దగ్గర నంబర్ రాయించాడు. ఊరందరి ముందు నా నోటితోనే ఒప్పుకున్నాక ఇక ఏమని కాదంటాను?

లతా, ఇందులో పేర్లు ఒకసారి చూడు. ఆ మీసాలాయన ఎల్లన్నేనా, మల్లన్నా? సావిత్రి పెద్దదా, చిన్నదా? తప్పుంటే కాగితం మీదనే దిద్దు. వంటింట్లోంచి "అత్తమ్మా, గిది సరేనా" అని మాత్రం అడగకు. నేను "ఆ" అంటాను.