ఆరు ఎలుకల పురుడు

కిరండూల్‌లో తెల్ల చొక్కా కొనడం దండగ. రెండుసార్లు ఆరేస్తే చాలు, ఇనుప గనుల ధూళి దానికి తనకు నచ్చిన రంగు వేసేస్తుంది. అమ్మేవాడు ఈ సంగతి చెప్పడు.

అప్పుడు నేను జగదల్‌పూర్‌లో పరిశోధన చేస్తుండేవాణ్ని. నాన్నది కిరండూల్ స్టేషన్‌లో ఉద్యోగం. వేసవి సెలవులకు ల్యాబు మూసేశారు. చూలుతో ఉన్న ఆరు తెల్లెలుకలు మాత్రం సెలవులు పాటించేలా లేవు. బోనులతో సహా రైలెక్కించి ఇంటికి తెచ్చాను.

"కోడల్ని తెమ్మంటే ఆరుగుర్ని పురిటికి తెచ్చాడు," అంది అమ్మ, పక్క క్వార్టర్ పిన్నితో.

కొంటా నుంచి వచ్చిన ఆ పిన్ని బోనులోకి తొంగిచూసి, "అల్లుడెవరో అడిగినవా అక్కా?" అంది.

రెండు రోజుల్లో ఆరూ ఈనాయి. నా పరిశోధన ప్రొలాక్టిన్ మీద. తల్లికి పాలు పడేలా చేసే హార్మోను అది. పాలతోపాటు పిల్లల్లోకీ వెళ్తుంది. తొలి రోజుల్లో అది అందని పిల్లల మెదడు, పెద్దయ్యాక తన ప్రొలాక్టిన్‌ను అదుపులో ఉంచుకోగలదా అన్నది ప్రశ్న. అందుకని మూడు తల్లులకు ఆ హార్మోనును అణిచే మందు వేశాను. మిగతా మూడింటిని వదిలేశాను. ఈసారి కూడా ఫలితం తేకపోతే వేరే గైడును చూసుకోమని మా గైడు ముందే సెలవిచ్చారు.

మూడో రోజుకు మందు తల్లుల పిల్లలు బక్కచిక్కాయి. సంతోషించాను. అయిదో రోజుకు అవే అందరికన్నా బొద్దుగా తయారయ్యాయి. లోకానికి తెలియనిదేదో కనిపెట్టానని గైడుకు ఉత్తరం మొదలుపెట్టాను. రెండో పేరాలో ఉండగా బోను వైపు నుంచి వెల్లుల్లి వాసన వచ్చింది.

"అమ్మా, వీటికేమైనా పెట్టావా?"

"నేనేటి పెట్టాను? బాలింతలకి పెట్టే కాయమే, కాసింత."

"అన్నిటికీనా?"

"ఆ మూడిటికేరా. మిగతావాటికి పాలు బాగానే పడతన్నాయి కదా."

నా పరిశోధనలో చిన్న మార్పు వచ్చిందని అర్థమైంది. మందు ఎందుకు వేశానో, పాలు ఎందుకు తగ్గాలో ఓపిగ్గా వివరించాను. అమ్మ వెల్లుల్లి ఒలుస్తూ అంతా విన్నది.

"అంటే, పాలు ఎండిపోయే మందు నువ్వే పోసి, పిల్లలెందుకు సిక్కిపోయాయో నువ్వే రాసుకుంటావన్నమాట. దీనికి మూడేళ్ల సదువేటిరా?"