గేటు బయటే అట్టలు

చుట్టుపక్కల ఫారాల్లో అందరూ ఆమెను గుడ్లత్త అనే పిలుస్తారు. మూడు షెడ్ల నిండా కోళ్లు, వాటిని మించిన నోరు. గుడ్లను అట్టల్లో పేర్చి ఇస్తే తమ్ముడు వ్యాన్‌లో అంగళ్లకు చేరుస్తాడు. అంగళ్లలో అన్ని ఫారాలవీ కలిసిపోయిన ఖాళీ అట్టలు అతడే తిరిగి తెస్తాడు. ఏ ఫారం అట్ట ఏ ఫారానికి వెళ్తోందో ఎవరికీ పట్టదు.

ఆ ఏడు కోళ్లకు దగ్గు పట్టుకుంది. ఇదివరకైతే నీరసపడి కోలుకునేవి. ఈసారి పొద్దున దగ్గిన కోడి సాయంత్రానికల్లా కాళ్లు చాపేసింది. మొదటి షెడ్డు ఖాళీ అయింది. గుడ్లత్త గుమ్మంలోనే కూలబడి ఏడ్చేసింది. మిగిలిన రెండూ పోతే ఇక ఆమెకు బతుకుతెరువే లేదు.

"దిగులుపడకక్కా," అన్నాడు తమ్ముడు. "ఇంత తొందరగా చంపే రోగం ఎన్నాళ్లుంటుంది? కోళ్లతో పాటు అదీ పోతుంది."

పశువుల డాక్టరైన కోడలు ఒప్పుకోలేదు. "అట్టలు లేకపోతే మీరన్నదే నిజం మామయ్యగారూ. చచ్చిన కోడి ఎక్కడికీ పోలేదు, కోడిని తిరగనిచ్చే మెతక క్రిమే నాలుగు చోట్లా పాకుతుంది. ఇక్కడ కోడి చచ్చినా దాని రెట్ట అంటిన అట్ట తిరుగుతోందిగా! చంపే క్రిమికి మనమే బండి కట్టి పంపుతున్నాం."

తమ్ముడి ముఖం మాడిపోయింది. "అంటే రోగాన్ని మోసింది నేనా?"

"మోయించింది నేనేలేరా," అంటూ గుడ్లత్త ముక్కు చీది లేచింది.

ఇక వెనక్కి చూడలేదు. పాత అట్టలన్నీ తగలబెట్టించింది. బయటికి పోయిన అట్ట మళ్లీ లోపలికి రాకూడదంది. వ్యాన్ గేటు బయటే, తమ్ముడూ గేటు బయటే. చాదస్తం ముదిరిందని పక్క ఫారాలవాళ్లు నవ్వారు. తమ షెడ్లు ఖాళీ అవుతుంటే నవ్వు మానేసి, ఒక్కొక్కరే ఆమె దారిలోకి వచ్చారు.

తమ్ముడు మాత్రం అలిగాడు. అక్క గేటు దాటనివ్వడం లేదన్న ఉక్రోషంతో గుడ్లు ఎక్కించుకుని, పలకరించకుండానే పోయేవాడు. గుడ్లత్తకు గుండె కలుక్కుమనేది. అయినా గేటు తీయలేదు.

మరుసటి ఏడు దగ్గు మళ్లీ వచ్చింది. కోళ్లు దగ్గాయి, మేత తగ్గించాయి, తేరుకున్నాయి. కోడలు పరీక్ష చేయించి అదే క్రిమి అని చెప్పింది, కాకపోతే మెత్తబడిన రకం.

"దానికి దయ పుట్టిందంటావా?"

"దయా పాడా! చంపే రకం చచ్చిన కోళ్లతోనే పోయింది అత్తయ్యా. ఇప్పుడు కోడి తిరిగితేనే దానికి బతుకు."

గేటు అవతల నుంచి తమ్ముడు విన్నాడు. "అయితే ఇక లోపలికి రానా అక్కా?"

"వద్దు."

అతడు తల వంచుకుని వ్యాన్ వైపు తిరిగాడు. వెనక గేటు కిర్రుమంది. గుడ్లత్త బల్ల ఒకటి బయటికి ఈడ్చుకొచ్చి, చెప్పులు మార్చుకుని, దాని మీద కూర్చుంది.

"నువ్వు రాకూడదు గానీ, నేను రాకూడదని ఎవరన్నార్రా? ఏడాదంతా నాకీ ముక్క తోచలేదు చూడు. రా, కూర్చో."