సముద్రపు స్పాంజీలు, బావగారి వేళ్ళు

మొన్న ఫిల్మ్ నగర్‌లో దూరపు బంధువుల పెళ్ళి విందుకు వెళ్ళాను. వధూవరులు వేదిక ఎక్కుతూంటే ఇరుపక్కలా పెట్టిన యంత్రాలు నేల మీద తెల్లటి పొగ వదిలాయి, చిన్నవాళ్ళంతా ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. ఆ పొగ మెల్లగా పాకుతూ వచ్చి నా చీర అంచును చల్లగా తాకేసరికి, వెల్లుల్లీ చేపలూ కుళ్ళిన నాచూ కలగలిసిన వాసన ఒకటి గుప్పుమన్నట్టయింది. పక్కనున్న ఆవిడను, మీకేమైనా వాసన వస్తోందా అండీ అని అడిగాను కూడా. మల్లెపూలు, అందావిడ. ఇంటికి వచ్చేదాకా నా మనసు మా బావగారి దగ్గరే ఉండిపోయింది.

కాకినాడలో పుట్టి పెరిగి, రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఈ ఊళ్ళో ఒక పరిశోధనశాలలో ఉద్యోగం రావడంతో అక్కా బావగార్ల ఇంట్లో దిగాను. వాళ్ళ ఇల్లు ఫిల్మ్ నగర్ వాలులో ఉండేది. అప్పటి ఫిల్మ్ నగర్ ఎలా ఉండేదో చెబితే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. ఏనుగులు పడుకున్నట్టు బండరాళ్ళు, వాటి మధ్య సీతాఫలం పొదలు, అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్ళు, నీళ్ళ లారీ వచ్చిన రోజు పండగ. బస్సు కోసం చెక్‌పోస్ట్ దాకా నడిచి వెళ్ళి, రెండు బస్సులు మారి ఊరి ఆ చివరనున్న మా పరిశోధనశాలకు చేరేసరికి కట్టుకున్న చీర నలిగి ముద్దయ్యేది.

బావగారు స్టూడియోలో పనిచేసేవారు. సినిమాల్లో వాన కురిపించడం, గాలి వీయించడం, పాటల్లో హీరోయిన్ కాళ్ళ చుట్టూ మబ్బుల్లాంటి పొగ పుట్టించడం ఆయన పని. తెర మీద ఆయన పేరు చాలాసార్లు పడేది కాదు, పడినా మేము చదివేలోపు వెళ్ళిపోయేది. అయినా సినిమాకు వెళ్ళినప్పుడు వాన మొదలవగానే అక్క నా మోచేతిని పొడిచి, మీ బావగారు, అని గుసగుసలాడేది.

ఆయనకు నలభై దాటకుండానే కీళ్ళవాతం పట్టుకుంది. వయసు మీద పడి వచ్చే మోకాళ్ళ నొప్పి కాదది. ఒంట్లోని కాపలా శక్తే దారి తప్పి సొంత కీళ్ళ మీద పడి, వాపు తెచ్చి, లోపల్లోపల కొరికేసే జబ్బు. పొద్దున్నే ఆయన వేళ్ళు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయి ఉండేవి. అక్క గిన్నెలో వేన్నీళ్ళు పెట్టి ఆ చేతులు ముంచి ఉంచితే గానీ కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయేవారు. వాన గొట్టాల కుళాయిలు తిప్పే మనిషికి చేతులే కదా బతుకు. డాక్టరు ఇచ్చిన మాత్రలు నొప్పిని తగ్గించేవి గానీ కడుపులో నిప్పులు పోసేవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే పరిశోధనశాలలో నాకు అప్పగించిన పని సముద్రపు స్పాంజీల మీద. స్పాంజి అనగానే పలకలు తుడుచుకునే మెత్తటి ముక్క గుర్తుకొస్తుంది గానీ, ఇది ప్రాణమున్న జీవి. కదలలేదు, పారిపోలేదు, ముళ్ళూ కోరలూ లేవు. సముద్రం అడుగున రాళ్ళకు అంటుకుని ఉన్నచోటే బతకాలి గనుక, తనను తినవచ్చే వాటి నుంచి కాపాడుకోవడానికి ఒంట్లోనే రకరకాల రసాయనాలు తయారు చేసుకుంటుంది. వాటిలో కొన్నింటికి వాపును తగ్గించే గుణం ఉందని అప్పటికే లోకంలో పలుచోట్ల చెప్పుకుంటున్నారు. మా పెద్దాయన, అంటే నాకు పని నేర్పిన గురువుగారు, తమిళ తీరాన మునిగేవాళ్ళ చేత స్పాంజీలు తీయించి మంచులో పెట్టి తెప్పించేవారు. వాటిని కోసి, రుబ్బి, ఆల్కహాలులో నానబెట్టి, ఆ కషాయాన్ని గాజు గొట్టాల గుండా చుక్క చుక్కగా దించి ఒక్కొక్క పదార్థాన్నీ విడదీయడం నా పని.

ఆ వెల్లుల్లీ చేపల వాసన ఒంటికి పట్టిందంటే వదిలేది కాదు. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. అక్క నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు, పెరట్లోనే కుంకుడుకాయ రసం పెట్టుకుని తల రుద్దుకోవాల్సిందే. బావగారు మాత్రం వరండాలో కూర్చుని, చిన్నపిల్లాడిలా ఆ రోజు ఏం చేశానో అడిగేవారు. ఎందుకు అడుగుతున్నారో ఆయన చెప్పలేదు, నేనూ పైకి అనలేదు.

ఒక వేసవిలో, స్పాంజీలు వచ్చిన కొద్దిరోజులకే, మా పరిశోధనశాల వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. శనివారం మధ్యాహ్నం. మర్నాటిదాకా కరెంటు రాదన్నారు. గురువుగారు ఊళ్ళో లేరు. ఫ్రీజరులో ఆ ఏడాది సరుకంతా ఉంది. ఇక సముద్రం కల్లోలంగా మారుతుంది, మళ్ళీ ఏడాదిదాకా మునిగేవాళ్ళు దిగరు. ఐసు ఫ్యాక్టరీకి మనిషిని పంపితే, పెళ్ళిళ్ళ ముహూర్తాలు, ఒక్క దిమ్మ కూడా లేదని తిరిగొచ్చాడు. ఫ్రీజరు తలుపు కింద నుంచి నీరు కారడం మొదలైంది. ఏం చేయాలో తోచక స్టూడియో ఆఫీసుకు ఫోను చేసి, బావగారికి కబురు చెప్పమన్నాను. ఆయన ఏం చేస్తారని అనుకున్నానో నాకే తెలియదు, ఏడవడానికి ఒక మనిషి కావలసి వచ్చిందేమో.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే స్టూడియో వ్యాను వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి బావగారు దిగారు. వెనక తలుపు తీస్తే గోనెసంచులు చుట్టిన దిమ్మలు, వాటి నుంచి తెల్లటి పొగ. పాటల్లో పొగ కోసం తెప్పించే డ్రై ఐస్ అది. మామూలు మంచు కంటే ఎన్నో రెట్లు చల్లన, కరిగినా తడి ఉండదు.

"పాట ఆపేశారా బావగారూ?" అన్నాను.

ఆయన దిమ్మలు దించే పనిలో పడ్డారు. రహమత్ నగర్ నుంచి వచ్చే డ్రైవరు చెప్పాడు. "సెట్ల అందరు పరేషాన్ అయిన్రు మేడం. మీ బావ సారు డైరెక్టర్ సాబ్ ముంగట చేతులు సాపిండు. గీ చేతుల కోసం మందు తీస్తుండ్రు సార్, జర మంచు ఇప్పియ్యున్రి అన్నడు. ఆయన జర సేపు ఆ వేళ్ళ దిక్కు చూసిండు. తీస్కపో, ఇయ్యాల దగ్గరికెల్లి మొఖాల షాట్లు తీస్కుంట, పొగ రేపు చూద్దాం అన్నడు."

ఆ దర్శకుడు మహా కోపిష్టి అని పేరు. ఆ తరువాత ఆయన మీద ఎవరేమన్నా మా ఇంట్లో ఒప్పుకునేవాళ్ళం కాదు.

బావగారి వేళ్ళకు దిమ్మలు ఎత్తే శక్తి లేదు. రెండు మోచేతుల మధ్య ఇరికించుకుని, గుండెకు ఆనించుకుని మోశారు. వద్దంటే వినలేదు. కిటికీలన్నీ తెరవమ్మాయ్, ఈ పొగ గదిలో నిండితే ఊపిరాడదు, అని నాకే జాగ్రత్తలు చెప్పారు. డ్రైవరు ముక్కుకు రుమాలు కట్టుకుని, "ఏందమ్మా గీ కంపు, గిది మందెట్లయితది" అంటూనే చివరిదాకా సాయం చేశాడు.

స్పాంజీలు దక్కాయి. వాటిలోంచే, నెలల తరబడి విడదీయగా, తెల్లటి స్ఫటికాలు వచ్చాయి. ఎలుక పాదానికి వాపు తెప్పించి ఈ పదార్థం ఇస్తే, వాపు కళ్ళముందే తగ్గింది. ఆ రోజు గురువుగారు అందరికీ మైసూరుపాకు తెప్పించారు. బావగారిని తీసుకెళ్ళి ఆ గాజు సీసా చూపించాను. గంపలకొద్దీ స్పాంజి నుంచి వచ్చింది సీసా అడుగున గోరంత పొడి. ఆయన దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని వెలుతురుకు పెట్టి చూశారు. "నాలుక మీద కాస్త వేస్తావా అమ్మాయ్?" అన్నారు.

"ఇంకా తెలియదు బావగారూ. నొప్పి తీసి కాలేయాన్ని తినేస్తే?"

సీసా తిరిగి ఇచ్చేశారు. చెక్‌పోస్ట్ దగ్గర బస్సు దిగాక, "నువ్వు ఇచ్చి ఉంటే తినేసేవాణ్ణి. మంచిపని చేశావు" అన్నారు.

మరుసటి ఏడు తేలింది, మోతాదు కాస్త పెరిగితే ఎలుకల కాలేయం పాడవుతోంది. పైగా ఒక్క మనిషికి మందు కావాలంటే సముద్రాన్నే ఊడ్చాలి, పరిశోధనశాలలో తయారుచేద్దామంటే అంత చిక్కుముడి లాంటి అణువును కట్టడం మాకు చేతకాలేదు. ఆ పని మూసేసి నన్ను వేరే విభాగంలో వేశారు. బావగారితో ఎలా చెప్పాలో తెలియక వరండాలో నిలబడితే, ఆయనే ముఖం చూసి గ్రహించి పక్కన కూర్చోమన్నారు.

"రాత్రనకా పగలనకా తడిసి వాన సీను తీస్తాం. ఎడిటింగులో తీసేస్తారు. అంతమాత్రాన వాన కురవలేదా?" అన్నారు.

తరువాత వారానికోసారి వేసుకునే పాత మాత్ర ఒకటి ఈ జబ్బుకు వాడుకలోకి వచ్చి ఆయన నొప్పి చాలా తగ్గించింది. అయితే అప్పటికే వేళ్ళు పక్కకు వంగిపోయాయి. కుర్చీలో కూర్చుని, ఏ కుళాయి ఎంత తిప్పాలో కుర్రాళ్ళకు నోటితో చెబుతూ ఇంకా చాలా వానలు కురిపించారు. ఆయన పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది.

అక్క మనవరాలికీ ఆ జబ్బే వచ్చింది. తనిప్పుడు జూబ్లీహిల్స్‌లో ఒక గ్రాఫిక్స్ ఆఫీసులో సినిమాలకు వానలూ మంటలూ కంప్యూటరులో తయారుచేస్తుంది. ఇంజక్షన్ తనే పొడుచుకుని, స్కూటీ ఎక్కి వెళ్ళిపోతుంది. ఆ మందు ఎక్కడెక్కడి పరిశోధనల నుంచో వచ్చింది, అందులో మా స్పాంజీల పాత్ర ఏమీ లేదు. ఆ సంగతి నాకు బాధగా లేదు. తన వేళ్ళు కీబోర్డు మీద పరుగెత్తుతూంటే చూస్తూ ఎంతసేపైనా కూర్చోగలను.

కానీ ఆనాడు ఒక మనిషి నొప్పి కోసం కోపిష్టి దర్శకుడు పాట ఆపాడు, డ్రైవరు ముక్కు మూసుకుని బరువులు మోశాడు, అక్క రాత్రి ఇంటి గుమ్మంలో నిలబడి మా కోసం ఎదురుచూసింది. ఇప్పుడు నొప్పి తగ్గుతోంది, పక్క గదిలో ఉన్నవాళ్ళకు కూడా తెలియకుండానే తగ్గిపోతోంది. ఇది మంచికే అని నాకు తెలుసు. అయినా ఏదో వెలితి.

మొన్నామధ్య ఆ పిల్ల, తాతయ్య చేతులు నిజంగా ఎలా ఉండేవి అమ్మమ్మా, అని అడిగింది. ఎప్పుడూ కెమెరా వెనకే ఉన్న మనిషి, ఆ చేతులున్న ఫొటో ఒక్కటీ లేదు. చూపిద్దామని నా వేళ్ళు అలా వంచబోయాను. ఎంత ప్రయత్నించినా సరిగ్గా రాలేదు.