అప్డేట్ అంటే ఆగొద్దు

మా అత్తమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు కానీ, అప్డేట్ అన్న మాట వినబడిందంటే చేతిలో పని వదిలేసి లేచి నిలబడుతుంది. ఊరికే కాదు. ముదిగొండలో ఉన్నప్పుడు వేలిముద్ర అప్డేట్ చేయించుకోలేదని రేషన్ కార్డులో ఆమె పేరు ఎగిరిపోయింది. కార్డులో పేరు లేని మనిషి ఊళ్లో ఉన్నా లేనట్టేనని ఆమె బెంగ. ఆ పేరు మళ్లీ ఎక్కేదాకా ఎన్ని లైన్లలో నిలబడిందో! ప్రతిసారీ వెంట పోయింది నేనే, దారి పొడుగునా సణిగింది నేనే. "అప్డేట్ అంటే ఆగొద్దు అత్తమ్మా, గప్పుడే చేపించుకోవాలె" అని నూరిపోసింది కూడా నేనే.

ఇప్పుడు ఆమె ఖానాపురం హవేలి అనే చోట మాతోనే ఉంటుంది. నేను మాత్రం వారమంతా ఇంట్లో ఉండను. భద్రాచలం అవతల అడవి పక్క ఊళ్లో చిన్న బడికి టీచర్ని. అక్కడే ఒక గది కిరాయికి తీసుకున్నాను. శనివారం బడి అయిపోగానే బస్సెక్కి ఇంటికి వస్తాను, సోమవారం పొద్దున్నే మళ్లీ బస్సు.

మా బడిలో ఒకటో తరగతికి వచ్చే పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు. నేను తెలుగులో కూర్చో అంటే నా మొహం వంక చూసేవాళ్లు. మొదటి ఏడాది వాళ్లకు చెప్పింది ఎక్కడం లేదని విసుక్కున్నాను. రానిది వాళ్లకు కాదు, నాకు అని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది. అప్పుడు బడిలో వంట చేసే ఆయమ్మను పట్టుకున్నాను. మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక ఆమె నాలుగు కోయ మాటలు చెప్పేది, నేను ఫోన్లో రికార్డు చేసుకునేదాన్ని. నీళ్లు, చలి, ఆకలి, కడుపు నొస్తుంది, అమ్మ దగ్గరికి పోతా. అట్లా మూడేళ్లు. పిల్లలకు రెండు భాషల్లో బొమ్మల పుస్తకం ఒకటి చేయాలని నా ఆశ. ఫోన్ నిండిపోతుందని శనివారం ఇంటికి రాగానే అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఫోన్లోవి తుడిచేసేదాన్ని. ఇంకో కాపీ ఎక్కడా లేదు. ఉండాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఒక బుధవారం రెండో పీరియడ్‌లో అత్తమ్మ ఫోన్ చేసింది. పగటిపూట కంప్యూటర్లో భజనలు పెట్టుకుని చూడటం ఆమెకు నేనే నేర్పాను.

"ఏమే, నీ కంప్యూటర్ ఆగిపోయేటిది. నేనున్న గనక సరిపోయింది."

"ఏందత్తమ్మా, ఏమైంది?"

"అప్డేట్ కాలేదంట. ఇప్పుడే చేయనిచో ఆపివేయబడును అని తెలుగులనే వచ్చింది. నేను ఊకుంటనా? ఒత్తిన. మళ్ల అనుమతిస్తారా అని అడిగింది. అవును అని ఒత్తిన. జల్దీ అయిపోయింది."

ఆపివేయబడును. ఆమెకు వచ్చిన రేషన్ కాగితం మీద ఉన్న మాటే. నేను తరగతిలో ఉన్నాను, పిల్లలు గోల చేస్తున్నారు. "మంచి పని చేసినవ్" అని ఫోన్ పెట్టేశాను. ఆ క్షణమే కంప్యూటర్ ఆపేయమని చెప్పి ఉంటే సగమైనా మిగిలేవేమో.

శనివారం ఇంటికొచ్చి చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఏదో పిచ్చి తోక అంటుకుని ఉంది. ఒక్కటీ తెరుచుకోలేదు. తెర మీద ఇంగ్లీషులో బెదిరింపు, డబ్బు కడితేనే ఫైళ్లు తెరుస్తామని. నాకు ఒళ్లు మండిపోయింది. ఏం చూసి ఒత్తావని అత్తమ్మ మీద అరిచాను. ఆమె తిరిగి అరవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "నువ్వే గదనే చెప్పినవ్, అప్డేట్ అంటే ఆగొద్దని" అంది. నేను వంటింట్లోకి పోయి కూర్చుని ఏడ్చాను.

ఆదివారం మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే షాపాయన వచ్చాడు. రాగానే ముందు ఇంటర్నెట్ తీగ పీకేశాడు. ఒక గంట చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ దొంగలు అడిగిన డబ్బు ఇచ్చినా ఫైళ్లు తెరుస్తారన్న నమ్మకం లేదన్నాడు. అంతా తుడిచి కొత్తగా ఎక్కించడమే మిగిలింది. సరే అన్నాను.

అతను పని చేస్తూనే నాకు పాఠం చెప్పాడు. నిజమైన అప్డేట్ భజన పేజీలోంచి ఊడిపడదు. సెట్టింగుల్లోకి మనమే పోయి చూసుకోవాలి. అత్తమ్మకు వేరే ఖాతా పెట్టాలి, దానికి కొత్తవి ఎక్కించే అధికారం ఉండకూడదు. ముఖ్యమైనవి విడిగా ఒక డిస్కులో పెట్టి, పని కాగానే దాన్ని ఊడదీసి బీరువాలో దాచుకోవాలి. తర్వాత అత్తమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఇది ఆఫీసు కాదు. దీంట్ల మన పేరు కొట్టేసేటోడు ఎవడూ లేడు. బెదిరిచ్చిందంటే దొంగే అనుకో, బంద్ చెయ్" అన్నాడు. నా అరుపులకు ఎక్కనిది ఆమెకు ఈ రెండు ముక్కలతో ఎక్కింది. ఇప్పుడు సెట్టింగుల్లో నేను అప్డేట్ చేస్తున్నా సరే, పక్కన కుర్చీ వేసుకుని అనుమానంగా చూస్తూ కాపలా కూర్చుంటుంది.

సోమవారం బడికి పోయాను. ఆయమ్మకు ఎట్లా చెప్పాలో బస్సంతా ఆలోచిస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక కుళాయి దగ్గర అన్నం వండిన పెద్ద గంజు తోముతోంది. మూడేళ్లు ఆమె చెప్పినవన్నీ పోయాయని, ఒక్కటీ మిగల్లేదని, తప్పు నాదేనని చెప్పాను. ఆమె బాధపడుతుందేమోనని భయపడ్డాను.

"అవ్వా, గంతేనా? పోతే పోయినయి మేడం, మళ్ల చెప్త" అంది. గంజు బోర్లించి, వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. నేను ఫోన్ తీశాను.

"అది ఉండనియ్యుర్రి. ముందు మీకు వచ్చినయి చెప్పుర్రి. రానియి నేను చెప్త."

నేను మొదలుపెట్టాను. నీళ్లకు మాట వచ్చింది. ఆకలికి వచ్చింది. చలి దగ్గర ఆగిపోయాను. కడుపు నొస్తుంది అనేదాని కోసం చాలా వెతుక్కున్నాను, దొరకలేదు. ఆయమ్మ ఓపికగా నా మొహం వంకే చూస్తోంది. కొంతసేపటికి ఆ చూపు మారింది. ఆమెకు కోపం రాలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

"మూడేండ్ల సంది రోజూ చెప్పిన గద మేడం," అంది. "మీరు నేర్సుకుంటున్నరనుకున్న."