ఒక్కొక్క దెబ్బ విడివిడిగా

బక్కయ్యది నల్గొండ పక్కన పల్లె. పదిహేనేళ్లకు పట్నం వచ్చి ఇటుకలు మోశాడు. తర్వాత పెళ్లి బ్యాండులో తాళాలు కొట్టాడు, ఆపైన డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా అదే చోటు. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ ఫంక్షన్ హాళ్లలో నేను షామియానాలు కట్టేవాణ్ణి, అతను వాయించేవాడు. మీర్‌పేటలో మావి పక్కపక్క గదులు. చదువు ఇద్దరికీ అయిదు దాటలేదు.

అతను వాయించే ఆర్కెస్ట్రా ప్రసన్నకుమార్‌ది. కోస్తా మనిషి, కీబోర్డు వాయిస్తాడు. సీజనుకు ముందు ఒకనాడు ఇంటికి వచ్చాడు.

“బక్కయ్యగారూ, మీ వాయింపు రికార్డు చేద్దామండీ. మీ పేరే పెడతాను. రేపు మీరు లేకపోయినా మీ చెయ్యి ఉంటుంది.”

“నేనేడికి పోత తమ్మీ, పెండ్లిళ్లు ఒస్తుంటె!” అని నవ్వాడు బక్కయ్య. లోపల మాత్రం పొంగిపోయాడు.

స్టూడియోకు పోయే స్తోమత ఎవరికుంది? అతని గదిలోనే చేశాం. అతని భార్య రాములమ్మ కోడిగుడ్ల అట్టలు అడుక్కొచ్చింది, గది మార్మోగకుండా నేను వాటిని గోడలకు కొట్టాను. కిటికీకి బొంతలు కట్టాం. పెద్ద డ్రమ్ములో పాత దిండు కూరాం. మలక్‌పేట నుంచి కిరాయికి తెచ్చిన మైకు ఒక్కటే. దాన్ని చీపురు కర్రకు కట్టి నేను పట్టుకున్నాను. ఫ్యాను ఆపేశాం.

“ఒక్కొక్కటీ విడివిడిగా కొట్టండి. మెల్లగా పది, గట్టిగా పది. మోత పూర్తిగా ఆరాకే రెండోది” అన్నాడు ప్రసన్నకుమార్.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అదే పని.

“గిదేం పాట? గుడిగంట లెక్క టంగుమంటున్నవ్!” అంది రాములమ్మ గడప అవతల నుంచి.

“సప్పుడు చెక్ చేస్తున్నడే. నువ్వు జర గిన్నెలు కదిలియ్యకు.”

చెమటలు కారుతున్నా బక్కయ్య ప్రతి డ్రమ్మునూ, పక్కనున్న ఇత్తడి తాళాన్నీ తుడిచి, బిగించి, అప్పుడే కొట్టాడు. చివరికి ప్రసన్నకుమార్ వైరు చుట్టేశాడు.

“మరి పాట?”

“ఇది చాలండీ.”

సీజను వచ్చింది, ఫోను రాలేదు. బక్కయ్య రోజూ డ్రమ్ములు తుడిచేవాడు. తనే ఫోను చేస్తే, “చెబుతానండీ” అనే జవాబు.

మాఘమాసంలో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాలు గేటుకు గుడ్డ కడుతుంటే లోపల బక్కయ్య డ్రమ్ములు వినిపించాయి. అతని సైడు డ్రమ్ము దెబ్బ చివర చిన్నగా ‘చిర్ర్’మంటుంది. ఎక్కడున్నా పోల్చుకుంటాను. నాకు చెప్పకుండా వచ్చాడేమో అనుకుని లోపలికి పోయాను. స్టేజీ మీద డ్రమ్ములే లేవు. ప్రసన్నకుమార్ పక్కన అతని బావమరిది రాజు, పలకంత నల్లటి ప్యాడ్ మీద పుల్లలతో కొడుతున్నాడు. కొట్టిన చోటల్లా బక్కయ్య దెబ్బ పలుకుతోంది.

బక్కయ్యకు ఫోను చేశాను. అతను వచ్చేసరికి పాటలు ఆపి జనం భోజనాలకు పోయారు.

“నా జాగ ఏదీ, తమ్మీ?”

ప్రసన్నకుమార్ తల కూడా దించలేదు. “డ్రమ్ములంటే ఆటో, ఎక్కించడం, దించడం... ఇదైతే సంచిలో వచ్చేస్తుందండీ. మాట తప్పలేదు చూడండి, మీ పేరే పెట్టాను.”

ప్యాడ్ మీద వేలెడంత తెర. ఇంగ్లీషు అక్షరాలు మా ఇద్దరికీ రావు. రాజు చదివాడు: “బక్కయ్య, ఒకటి.”

“గా పుల్ల ఇటియ్యి.”

బక్కయ్య ప్యాడ్ మూలన ఒక్క దెబ్బ వేశాడు. ఖాళీ హాల్లో అతని ఇత్తడి తాళం మోగింది. ఆనాటిలాగే, మోత ఆరేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఆరిపోతూ ఆరిపోతూ, స్పీకర్లలోంచి సన్నగా అతని గొంతే వచ్చింది: “ఇంగోటి కొట్టాల్నా, తమ్మీ?”

“అయ్యో, అది కత్తిరించడం మర్చిపోయాను. ఇవాళే తీసేస్తాలెండి” అన్నాడు ప్రసన్నకుమార్.

“తియ్యకు. గదొక్కటి ఉండనియ్యి” అని బక్కయ్య పుల్ల కింద పెట్టి బయటికి నడిచాడు.

మరుసటి వారం హయత్‌నగర్ పెళ్లిలో ఆ ఆర్కెస్ట్రా మళ్లీ తగిలింది. చివరి పాట అయ్యేదాకా షామియానా కర్ర పట్టుకుని నిలబడ్డాను. తాళం మోగింది, ఆరిపోయింది. దాని వెనక ఏమీ లేదు.