తీగగులాబీకి వేసిన కట్లు

రెండువేల తర్వాతి ఏళ్లలో దినపత్రికకు వార్తలు రాస్తూ బూర్గంపాడులో ఒక ఇంటి ముందుగదిలో కిరాయికున్నాను. ఇంటాయన బొగ్గుగనిలో చేసి రిటైరయ్యాడు. లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు జ్వరంతో పోయి అప్పటికి రెండేళ్లు. నవంబరులో క్రైస్తవులకు వచ్చే సమాధుల పండుగకు కొడుకు సమాధి మీద తాను పెంచిన పూలే పెట్టాలని ఆయన భార్య పట్టుబట్టి, వాకిట్లో తీగగులాబీ నాటింది.

మోకాలి లోతు గుంత తీసి, వారం ఎండనిచ్చి, మాగిన పెంట, వేపపిండి కలిపి పూడ్చింది. ఏడాదంతా కత్తెర తాకనివ్వలేదు. తీగలు గోడ దాటాక వాటిని పందిరి మీద అడ్డంగా వంచింది. నిటారుగా పోతే కొసనే పూస్తుందని, పడుకోబెడితే కణుపు కణుపుకూ మొగ్గేస్తుందని కాన్వెంటు సిస్టర్ చెప్పిందట. పాత చీర పీలికలతో వదులుగా కట్టింది.

భర్త చూసి నవ్వాడు.

"ఏందే, ఉయ్యాల కట్టినవా? గాలొస్తే అన్నీ కిందనే. నీ చేతిల ఏది బతికింది గనక?"

ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఆయన పీలికలన్నీ కోసేసి వైరు తెచ్చాడు. గనిలో మందు పేల్చడానికి వాడగా మిగిలిన రంగుల వైరు అది. గనివాళ్ల ఇళ్లలో దాంతో బుట్టలు కూడా అల్లుతారు. ప్రతి కట్టునూ పట్టకారుతో మెలిపెట్టి బిగించాడు. భూమి కింద దుంగ వేలెడు జారితే మనిషి పోతాడు. ఆ చేతికి వదులుగా కట్టడం రాదు.

వానలకు తీగలు లావెక్కాయి. వైరు బెరడులోకి దిగడం ఆగస్టులోనే చూశాను. ఆయన నోటికి జడిసి చెప్పలేదు. ఏమవుతుందో చూద్దామన్న కుతూహలం కూడా ఉండింది.

అక్టోబరులో పందిరి నిండా మొగ్గలు. "తమ్మీ, పండుగకు విచ్చుకుంటయ్ చూడు" అనేది ఆమె. పండుగ వారంలో ఉందనగా ముసురుతో గాలి లేచింది. తీగలన్నీ సరిగ్గా కట్ల దగ్గరే పుటుక్కున విరిగాయి.

"చూసినవా? పీలికలైతే ఎప్పుడో పోతుండె" అన్నాడాయన.

ఆమె ఒక విరుపును వేలితో తడిమి, నా వైపు తిరిగింది.

"తమ్మీ, రోజూ గీడనే కూసుంటవ్ గదా. వైరు కోసుడు కనవడలేదా?"

"లేదక్కా."

"సార్‌కేం ఎరుక? పేపర్ల అచ్చయితేనే కనవడ్తది" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

పండుగనాడు ఆయన బజారు నుంచి సంచి నిండా బంతిపూలు తెచ్చాడు. ఆమె ముట్టలేదు. ఖాళీ చేతులతో గేటు దాటింది.

"జల్దీ నడువు. మొఖం గట్ల పెట్టకు, జనం చూస్తున్నరు" అంటూ సంచీ పట్టుకుని ఆయన వెనకే వెళ్లాడు.