అందరికీ ఒకే కొలత

వీధి చివరి దర్జీ మనుషులను ముఖం చూసి కాదు, భుజాల వాలు చూసి గుర్తుపడతాడు. సినిమాతార వేసిన కొత్త గౌను తెరమీద చూశాక ఆడపిల్లలందరూ కళ్లమీదికి దువ్విన ఆమె జుట్టే, ఆమె భుజాలే కావాలన్నారు. దూది కూరి, భుజాలు నిలబెట్టి నలభై గౌన్లు కుట్టాడు. "ఊరందరికీ కుట్టి నాకు మాత్రం ఈ వంకర భుజమేనా నాన్నా?" అని కూతురు పోరు పెడితే నలభై ఒకటోది కుట్టక తప్పలేదు.

ఆ సాయంత్రం అదే గౌనుతో, కళ్లమీదికి దువ్విన అదే జుట్టుతో పిల్ల లోపలికొచ్చి పీట మీద కూర్చుంది. "అలిసిపోయావామ్మా?" అంటూ మంచినీళ్లిచ్చి, తలుపు గడియ పెట్టి, సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. బయటినుంచి కూతురి గొంతు వినిపించింది.

"గడియ తియ్యి నాన్నా. కాళ్లు పీకేస్తున్నాయి."

అతను గడియ మీద చెయ్యి వేసి వెనక్కి చూశాడు.

"తియ్యకు నాన్నా," అంది పీట మీది పిల్ల, అదే గొంతుతో.